వెనక షెడ్డు కోళ్ళు

నా ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో చాలావాటికి ఇప్పుడు సాక్ష్యం లేదు. చూసినవాళ్ళలో కొందరు రిటైరయ్యారు, కొందరు మరిచిపోయారు, మిగిలినవాళ్ళు మర్యాదస్తులు. ఒక్క తప్పు మాత్రం నా చేతిరాతతో, నా సంతకంతో, ఆఫీసు ముద్రతో సహా ఫైల్లో భద్రంగా ఉంది. అందుకే దాని గురించి చెబుతాను. పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలెవరైనా ఇది చదివితే, ఆ ఫైలు వెతుక్కునే శ్రమ తప్పుతుంది.

అప్పుడు నేను ఢిల్లీ శివార్లలో, ద్వారక దాటాక వచ్చే ఒక ప్రభుత్వ కోళ్ళ ఫారంలో పనిచేస్తున్నాను. ఇల్లు సరోజినీ నగర్ క్వార్టర్లలో. నేను చేరినప్పుడు ఫారం చుట్టూ ఆవచేలు ఉండేవి. నా కళ్ళముందే ఒక్కొక్క చేనూ ఒక్కొక్క హౌసింగ్ సొసైటీగా మారిపోయింది. తొమ్మిదో అంతస్తులో కాపురం పెట్టినవాళ్ళు, తెల్లవారకుండానే మా పుంజులు కూస్తున్నాయని ఫిర్యాదులు రాసేవారు. వాటికి జవాబులు రాయడం కూడా నా పనే.

మా ఫారంలో రకరకాల కోళ్ళుండేవి గాని, నాకు అప్పగించినవి మాత్రం అసీల్ కోళ్ళు. మన కోస్తా జిల్లాల్లో జాతికోడి అంటామే, అవే. అంతరించిపోకుండా వాటి సంతతిని కాపాడటం నా బాధ్యత. మన వైపు నుంచే రైల్లో గంపల్లో పెట్టి తెచ్చారు వాటిని. దించిన రోజున నేను స్టేషనుకి వెళ్ళాను. గంప సందుల్లోంచి ఒక పుంజు నన్ను చూసిన చూపుకి, చుట్టాలు దిగినంత సంబరం కలిగింది నాకు.

ఎంత గట్టి పిండాలో అవి. మే నెలలో వడగాలి కొడుతుంటే పక్క షెడ్లలోని తెల్ల బ్రాయిలర్లు నోళ్ళు తెరుచుకుని కూలబడేవి. ఇవి మాత్రం మెడలు నిక్కించి గోడనీడన నిలబడేవి. జనవరిలో ఎదుటి మనిషి కనిపించని పొగమంచులో కూడా, గింజ చల్లితే ముందుగా వచ్చేవి ఇవే. మందులకి కూడా పెద్దగా పని చెప్పేవి కాదు.

నాకు నచ్చనిది ఒక్కటే. అవి ఒకదానిలా ఒకటి ఉండేవి కావు. ఎర్రవి, నల్లవి, బూడిదరంగువి, తెల్లవి. ఒక్కొక్క ఈక మీదే మూడు రంగులున్నవి. పసుపుకాళ్ళవి, తెల్లకాళ్ళవి. ఏదో సంతలోంచి దొరికినవి దొరికినట్టు పట్టుకొచ్చినట్టుండేది. అసీల్ అంటే అసలైనది అని అర్థం. అసలైనది అంటే అన్నీ ఒకేలా ఉండాలని నేను అనుకున్నాను. ఎవరూ అడగకపోయినా మూడు రోజులు కూర్చుని, ఈ జాతికి ప్రామాణిక లక్షణాలు ఇవీ అని ఒక పత్రం రాశాను. 'రంగు: ఎరుపు లేక నలుపు. ఇతర రంగులు జాతి లక్షణం కావు.'

ఎక్కడ చూసి రాశానంటే, రెండు మూడు పుస్తకాల్లోని ఫోటోలు చూసి. ఆ ఫోటోల్లో ఎర్రకోడో నల్లకోడో ఉంది మరి. పైగా నేను ఆ కోళ్ళ దేశపు మనిషినే కాబట్టి ఎవరూ నన్ను ప్రశ్నించలేదు. నిజానికి నాకు తెలిసింది సున్నా. మా నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. జాతికోడి అంటే పందెం, పందెం అంటే పాపం. మమ్మల్ని అటువైపు చూడనిచ్చేవారు కాదు. అక్కడే పుట్టి పెరిగి, పశువైద్య కళాశాలకి వెళ్ళేదాకా నేను జాతికోడిని చేత్తో పట్టుకోలేదు.

మా డైరెక్టరు నాకంటే చిన్నవాడు. పద్ధతి గల మనిషి. బల్లమీద పెన్నులు కూడా వరసలో ఉండాలి. నా పత్రం చూసి ఎంతో సంతోషించాడు. "వెరీ గుడ్ మేడమ్, ఇప్పుడు మనకి ఒక స్టాండర్డ్ ఉంది" అన్నాడు. ఆ మాటకి నేను వారంరోజులు ఉబ్బిపోయాను.

మందని రెండుగా విడదీశాను. ఎర్రవీ నల్లవీ ముందు షెడ్డులోకి. సంతానానికి అవే. మిగిలినవన్నీ వెనక షెడ్డులోకి. వాటి గుడ్లు క్యాంటీనుకి. మొదటి ఏడాదే వెనక షెడ్డులోంచి కొన్నిటిని, తెల్లవాటన్నిటినీ, వేలంలో మాంసానికి ఇచ్చేశాం. తెలుపు మరీ కొట్టొచ్చినట్టు కనపడుతోందని ముందు వాటినే ఎంచింది నేనే.

ఇక్కడ మా దీదీ గురించి చెప్పాలి. కోళ్ళకి దాణా వేసి, నీళ్ళు పెట్టి, గూళ్ళు శుభ్రం చేసే అటెండెంటు ఆవిడ. బీహారు మనిషి. భర్త అదే ఫారంలో పనిచేస్తూ చనిపోతే ఆ ఉద్యోగం ఆవిడకిచ్చారు. డైరెక్టరు దగ్గర్నించి గేటు కాపలాదారు దాకా అందరికీ ఆవిడ దీదీయే. కోళ్ళని విడదీసే రోజున బుట్ట పట్టుకుని నా వెనకే తిరిగింది. ఒక బూడిదరంగు పెట్టని పట్టుకుని, "ఇది వెనక్కి" అన్నాను.

"మేడమ్, దీని చెల్లెలు అటు వెళ్ళింది కదా" అంది. ఆవిడది బీహారు హిందీ. నాకు గుర్తున్నంతవరకు తెలుగులో చెబుతున్నాను.

"చెల్లెలేమిటి?"

"ఆ నల్లది. రెండూ ఒకే తల్లి కింద దిగాయి. నేనే చూశాను."

"రంగు వేరు కదా దీదీ."

"అచ్ఛా" అంది. పెట్టని బుట్టలో పెట్టింది. ఆవిడ అచ్ఛాలో ఎన్ని అర్థాలుంటాయో తెలుసుకోవడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది.

ఆ రెండేళ్ళూ ముందు షెడ్డు చూడముచ్చటగా ఉండేది. వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకునేవారు. కాని ఇంక్యుబేటర్లో పొదగేసిన గుడ్లు మాత్రం సరిగ్గా పిల్లలయ్యేవి కావు. మొదటి ఏడాది కొంచెం తగ్గింది. రెండో ఏడాది సగం కూడా రాలేదు. వచ్చిన పిల్లలు కూడా తూలుతూ నడిచేవి. యంత్రంలో లోపమన్నాను. రెండుసార్లు మెకానిక్కుని పిలిపించాను. కరెంటు పోవడమన్నాను. దాణా మార్పించాను. చివరికి ఒకరోజు అందరూ ఉండగా దీదీని నిలబెట్టి, "గుడ్లు ఏరేముందు చేతులు కడుక్కుంటున్నావా అసలు?" అని అడిగాను.

ఆవిడ తన రెండు చేతులూ చాపి చూసుకుంది. తర్వాత నాకు చూపించింది. క్రిమిసంహారక మందు నీళ్ళలో నాని నాని, వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, పగిలి ఉన్నాయి. నేను అక్కణ్ణించి వచ్చేశాను. పిల్లలూ, ఈ వ్యాసంలో మీరు ఏదైనా ఒక్కటి గుర్తుపెట్టుకోవాలంటే కోళ్ళ సంగతి వదిలేయండి, ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, మా పని పరిశీలించడానికి పైనుంచి ఒక బృందం వస్తోందని కబురొచ్చింది. డైరెక్టరు ఫారమంతా సున్నం వేయించాడు. వెనక షెడ్డు మొత్తం ఖాళీ చేయించాలని నిర్ణయించాడు. నా పత్రం ప్రకారమే. మంగళవారం ఉదయం కాంట్రాక్టరు వ్యాను వచ్చి కోళ్ళన్నిటినీ తీసుకెళ్ళాలి. నేనే ఫైలు కదిపాను.

శనివారం మధ్యాహ్నం పాత దాణా గది తాళంచెవి కోసం వెతుకుతూ చూస్తే, ఆ గదికి తాళమే వేసి లేదు. తలుపు తోశాను. మూల ఒక వెదురుబుట్ట. ఊక పోసిన బుట్టలో, రెండేళ్ళ కిందట నేను వెనక్కి పంపిన బూడిదరంగు పెట్ట. నన్ను చూసి గుర్రుమంటూ ఈకలు విదిల్చుకుంది. రెక్క కిందనుంచి ఒక తల బయటికొచ్చింది. దాని పక్కన ఇంకోటి. నేను కూలబడి లెక్కపెట్టాను. పన్నెండు గుడ్లకి పదకొండు పిల్లలు. ఎర్రది, నల్లది, వీపుమీద చారలున్నది, బూడిదది, గోధుమరంగుది. ఒకటి పెంకు ఇంకా తలమీదే ఉండగా బుట్ట అంచు ఎక్కబోతోంది.

వెనకాల దీదీ నిలబడి ఉంది. అనుమతి లేకుండా, రిజిస్టర్లో రాయకుండా గుడ్లు పొదగేయడం మా దగ్గర నేరం. ఉద్యోగానికే ముప్పు. ఆవిడకి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

"ఎందుకు చేశావు దీదీ?"

"అది పొదుగుకి వచ్చింది మేడమ్. ఖాళీ గూట్లో కూర్చుని లేవడం లేదు. పది రోజులు తిండి మానేసింది. కింద గుడ్డు లేకుండా అలా కూర్చుంటే ఎలా చూడను?" కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "క్యాంటీనుకి వెళ్ళే గుడ్లే పెట్టాను. ముందు షెడ్డువి ముట్టుకోలేదు. రాసుకోండి. నా పేరే రాసుకోండి."

నేను ఏమీ రాసుకోలేదు. ఆఫీసు గదికి వెళ్ళి సంతానం వివరాలు రాసే పుస్తకం తీశాను. రెండేళ్ళుగా ముందు షెడ్డులో తండ్రులైన పుంజులెన్ని? నాలుగు. అందులో రెండు అన్నదమ్ములు. మూడోది వాటి తండ్రి. పెట్టల్లో సగం వాటి కూతుళ్ళు, చెల్లెళ్ళు. మేనరికాలు కూడా కావు, అంతకంటే దగ్గర. రంగు కలవాలన్న ధ్యాసలో రక్తం చూసుకోలేదు నేను. మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలిసిన పాఠం అది. ఆ పాఠం నేను రెండు కళాశాలల్లో అతిథిగా వెళ్ళి చెప్పి వచ్చాను కూడా. ఇంక్యుబేటరుది తప్పు కాదు. దీదీ చేతులది అసలే కాదు.

మరి వెనక షెడ్డులోవి అసలైనవేనా? ఆ ఒక్క సంశయం మిగిలింది. కాదంటే వాటిని ఆపమని అడిగే హక్కు నాకు లేదు.

మర్నాడు ఆదివారం. తెలుగు ఆరాధన అయ్యాక చర్చి వరండాలో టీ తాగుతూ, ఒక నర్సమ్మాయికి ఫోన్లో ఆ పిల్లల ఫోటోలు చూపిస్తున్నాను. వాళ్ళ నాన్న ఆమె దగ్గరే, ఢిల్లీకి తూర్పు చివర వైశాలిలో ఉంటాడు. గోదావరి మనిషి. చర్చిలో వెనక బెంచీలో కూర్చుని ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆయన కూతురి భుజం మీంచి తొంగిచూసి, "తల్లి మైల కదండీ" అన్నాడు.

"ఏమన్నారు బాబాయిగారూ?"

"మైలండి. ఆ పెట్ట. ఎరుపూ బూడిదా కలిసుంది చూడండి. మంచి జాతండి అది." అని చప్పున నాలుక కరుచుకుని, పాస్టరుగారు ఎక్కడున్నారో చూశాడు.

"ఇంకా ఉన్నాయి" అని వెనక షెడ్డు ఫోటోలు తీశాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ, "ఇది నెమలి. ఇది పర్ల, మెడమీద నలుపూ తెలుపూ సమానం. ఇది కౌజు. ఇదిగో, ఇది పూల. ఆయ్, ముంగిస కూడా ఉందండీ మీ దగ్గర!" అన్నాడు. "ఎక్కడండీ అమ్మా ఇవి? ఢిల్లీలోనే?"

చిన్నతనంలో ఆయన ఒక ఆసామి దగ్గర కోళ్ళు మేపేవాడట. రక్షణ పొంది క్రైస్తవుడయ్యాక ఆ పని మానేశాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పేర్లు నోటివెంట రానివ్వలేదట. మా నాన్న ఏ మాటలు వినకుండా మా చెవులు మూశారో, ఆ మాటల కోసం నేను ఆయన చేతులు పట్టుకున్నాను.

"పందెం కోసం కాదు బాబాయిగారూ. బతికించడం కోసం."

"పాస్టరుగారికి చెప్పకండమ్మా" అన్నాడు. ఆ మధ్యాహ్నమే మెట్రోలో నాతో వచ్చాడు. ద్వారక దాకా లెక్కలేనన్ని స్టేషన్లు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా దాచుకున్న మాటలన్నీ అన్నట్టు.

వెనక షెడ్డులోకి వెళ్ళగానే చెప్పులు బయట విడిచాడు. నేను వద్దన్నా వినలేదు. ఒక్కొక్క కోడినీ రెక్కలు అదిమి ఎత్తి, కాలు చూసి, మెడ నిమిరి, కంట్లోకి చూసి దించేవాడు. దీదీ పక్కనే నిలబడి, వాటిలో ఏది దేని బిడ్డో చెప్పేది. ఆయనకి హిందీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. మధ్యలో నేను. కొంతసేపటికి నా అవసరం లేకుండానే పని నడిచింది.

"రంగు చూసి జాతి చెప్పకూడదండమ్మా" అన్నాడు ఆయన. "మేం కాలు చూసేవోళ్ళం, మెడ చూసేవోళ్ళం, నిలబడ్డం చూసేవోళ్ళం. రంగంటారా, ఒక్క పెట్ట కిందే అయిదు రంగులు దిగేవి. అయిదింటికీ అయిదు పేర్లు. పేరు లేని రంగు మా దగ్గర లేదండి."

దీదీకి ఆ పేర్లు తెగ నచ్చాయి. సుద్దముక్క తెచ్చుకుని రేకు తలుపు మీద హిందీ అక్షరాల్లో రాసుకుంటోంది. దాణా గదిలోంచి దీదీ తెచ్చిన బూడిద పెట్టని ఆయన చూపించి "మైల" అనగానే సుద్ద ఆగిపోయింది.

"మైలీ? ఇది మైలీ కాదు మేడమ్! రోజూ నేనే దీని గూడు కడుగుతాను" అంది కోపంగా. హిందీలో ఆ మాటకి మురికిది అని అర్థం. నేను నవ్వుతూ ఆయనకి చెప్పాను. ఆయన పాపం గాభరాపడి రెండు చేతులూ జోడించాడు. "మంచి పేరేనని చెప్పండమ్మా ఆవిడకి. చాలా మంచి పేరని చెప్పండి." చివరికి రాసుకుంది గాని, కొంచెం చిన్న అక్షరాలతో రాసింది.

షెడ్డంతా అయ్యాక ఆయన చుట్టూ చూసి అడిగాడు. "సేతు లేదాండీ? తెల్లది. ఇన్ని ఉన్నచోట సేతు ఉండాలే."

"ఉండేవి" అన్నాను. "నేనే పంపించేశాను."

ఆయన చేతిలో ఉన్న కోడిని మెల్లగా కిందికి దించి, "పోన్లెండమ్మా. ఉన్నోటిని చూసుకోండి" అన్నాడు.

మంగళవారం ఉదయం నేను వెళ్ళేసరికే వ్యాను లోపల ఉంది. బోనులు దించుతున్నారు. దీదీ షెడ్డు తలుపుకి అడ్డంగా నిలబడలేదు, ఏడవలేదు. ఒక మూల కూర్చుని కోళ్ళకి చివరిసారి గింజలు వేస్తోంది. నేను తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్ళాను.

"సర్, వ్యాను వెనక్కి పంపాలి."

ఆయన నా పత్రం తీసి బల్లమీద పెట్టాడు. "మేడమ్, ఇది మీరు రాసిందే కదా?"

"నేనే రాశాను. తప్పు రాశాను."

సంతానం పుస్తకం తెరిచి చూపించాను. అన్నదమ్ములు, తండ్రి, కూతుళ్ళు. పెంకులోనే చనిపోయిన పిల్లల లెక్క చూపించాను. దాణా గదిలో దిగిన పదకొండు పిల్లల సంగతీ చెప్పాను. ఎవరు పొదగేశారని అడిగాడు. "నా విభాగంలో జరిగింది సర్. బాధ్యత నాది" అన్నాను. ఆయన పెన్నులు వరసలోకి సర్దాడు.

"వారంలో బృందం వస్తోంది. రెండేళ్ళు మనం తప్పు చేశామని వాళ్ళకి చెప్పమంటారా?"

"మనం కాదు సర్. నేను."

"రాసివ్వగలరా?"

అక్కడే కూర్చుని రాసిచ్చాను. మొదటి పత్రం రాయడానికి మూడు రోజులు పట్టింది, రెండోదానికి పావుగంట. రెండూ ఒకే ఫైల్లో, ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. డైరెక్టరు కిటికీ దగ్గరికి వెళ్ళి, వ్యాను డ్రైవరుకి తనే చెయ్యి ఊపి వెళ్ళిపొమ్మన్నాడు. ఆయన మంచివాడు. నేను రాసిందాన్ని నమ్మడం తప్ప ఆయన చేసిన పొరపాటు ఏమీ లేదు.

తర్వాత షెడ్డుకి వెళ్ళి దీదీ పక్కన ఊక మీదే కూర్చున్నాను. క్షమించమని ఎలా అడగాలో ఇంటిదగ్గర్నించి హిందీలో వాక్యాలు కూర్చుకుని వచ్చాను గాని ఒక్కటీ గుర్తురాలేదు. "దీదీ, ఆరోజు నీ చేతుల గురించి…" అన్నాను. ఆవిడ తన గిన్నెలోంచి గుప్పెడు గింజలు తీసి నా చేతిలో పోసింది. "వెయ్యండి మేడమ్. మీరు ఎప్పుడూ వెయ్యరు. అవి మిమ్మల్ని గుర్తుపట్టవు" అంది. వేశాను.

ఆ ఏడాది నాకు రావలసిన ప్రమోషను రాలేదు. రాకపోవడం న్యాయమే. రెండు షెడ్ల మధ్య తలుపు తీసేశాం. పుంజుల్ని మారుస్తూ, అన్ని రంగుల్నీ కలిపాం. మరుసటి ఏడాదికి గుడ్లు మళ్ళీ మామూలుగా పిల్లలవడం మొదలెట్టాయి. రిజిస్టర్లో రంగు గడి దగ్గర ప్రామాణికం, అప్రామాణికం అన్నవి కొట్టేసి ఖాళీ వదిలాను. ఎవరికి కనిపించింది వాళ్ళు రాసేలా. తెల్లవి మాత్రం నేను రిటైరయ్యేదాకా మళ్ళీ పుట్టలేదు. గోదావరి బాబాయి నెలకోసారి వచ్చి, ముందు వాటి గురించే అడిగేవాడు. నేను లేవనేదాన్ని. ఆయన తల ఊపేవాడు.

ఇదంతా చెప్పి, ఆ బృందం వచ్చిన రోజు గురించి చెప్పకపోతే దీదీకి అన్యాయం చేసినట్టవుతుంది.

నలుగురు వచ్చారు. సున్నం వేసిన గోడల మధ్య, రేకు తలుపు మీద సుద్దరాతల పక్కన నిలబడి, రంగురంగుల మందని చూశారు. నేను నా తప్పు చెప్పాను. వాళ్ళలో పెద్దాయన అంతా విన్నాడు. కళ్ళు చిట్లించి మందలోకి చూస్తూ, "అంతా బాగానే ఉంది. ఇంతకీ వీటిలో అసలైన అసీల్ ఏదో చూపించండి" అన్నాడు.

డైరెక్టరు నాకేసి చూశాడు. ఈలోగా దీదీ, తననే అడిగారనుకుందో ఏమో, వంగి ఒక కోడిని ఎత్తి తెచ్చి పెద్దాయన చేతుల్లో పెట్టేసింది. మెడమీద నలుపూ తెలుపూ ఉన్న పెట్ట. ఆయన తడబడి, ఖరీదైన కోటుకి దాన్ని హత్తుకుని పట్టుకున్నాడు.

"ఇదేనా? దీన్నే ఎందుకు తెచ్చావమ్మా?" అన్నాడు.

దీదీకి ఆ ప్రశ్న అర్థం కాలేదు.

"దగ్గరగా ఉంది సాబ్" అంది.